పాస్టరు లెటరు లేని విశ్వాసం

చెన్నైలో చదువుకున్న తెలుగువాళ్లు నలుగురు చేరినచోట మాట చిన్న సంఘాల మీదికి మళ్లిందంటే తీర్పు రావడానికి కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టదు. "వాళ్లకంటూ ఒక సిద్ధాంతం ఏడ్చిందా? బైబిలు ముందేసుకుని ఎవడికి తోచింది వాడు చెప్పడమే." ఇది పెద్ద చర్చీలకు వెళ్లేవాళ్ల మాట. ఏ చర్చికీ వెళ్లనివాళ్ల మాట ఇంకాస్త ముతకగా ఉంటుంది: "విదేశీ డబ్బు, బియ్యం మూట, పైన నాలుగు పాటలు." రెండూ ఒకే చోట పుట్టిన మాటలు. పత్రం, పదవి, పర్యవేక్షణ లేనిచోట నమ్మకం కూడా ఉండదన్న ఊహ వాటి తల్లి.

ఆ వాదాన్ని దాని బలమంతటితో చెప్పాలి కాబట్టి చెబుతాను. పాత సంఘాలకు నైసియా కాలం నుంచి వస్తున్న విశ్వాస ప్రమాణం ఉంది. వేదాంత కళాశాలలో ఏళ్ల తరబడి చదివి, అభిషేకం పొందిన పాస్టరు ఉంటాడు. ఆయన దారి తప్పితే అడగడానికి బిషప్పు ఉంటాడు. పుట్టుక, పెళ్లి, చావు రాసుకునే రిజిస్టరు ఉంటుంది. ఇవేవీ లేని సంఘంలో బోధ తప్పిపోదని ఎవరు హామీ? వీధికొక రేకుల షెడ్డు, షెడ్డుకొక బోర్డు వెలిసిన ఈ నగరంలో మోసగాళ్లు లేరని ఎవరనగలరు? అనలేం. ఈ వాదం తెలివి తక్కువది కాదు. కానీ తప్పు. దాన్ని ఊరికే గాలిలో ఖండించకుండా, ఒక సంఘాన్ని ముందు పెట్టుకుని ఖండిస్తాను: మద్రాసులో 1941లో పుట్టిన యెహోవా షమ్మా, దాని చుట్టూ అల్లుకున్న భక్త్ సింగ్ సహవాసాలు. నేను ఆ సంఘస్థుణ్ణి కాను. వాళ్లతో నాకు తగాదాలూ ఉన్నాయి. వాటి దగ్గరికీ వస్తాను.

1. విదేశీ సరుకట!

భక్త్ సింగ్ 1903లో పంజాబులో, ఇప్పుడు పాకిస్తానులో ఉన్న జోయియా అనే ఊళ్లో, సిక్కు కుటుంబంలో పుట్టారు. కుర్రతనంలో చేతికొచ్చిన బైబిలును చింపేసి, అట్ట బాగుందని అట్ట ఒక్కటీ దాచుకున్న మనిషి. ఇంజనీరింగు చదువుకని ఇంగ్లండు, అక్కణ్ణుంచి కెనడా వెళ్లారు. 1929లో విన్నిపెగ్‌లో క్రీస్తును నమ్ముకున్నారు. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం. 1933లో బొంబాయి రేవులో దిగారు. 1937లో పంజాబులోని మార్టిన్‌పూర్ ఉజ్జీవంతో పేరు వచ్చింది, మరుసటి ఏడు మద్రాసు వచ్చారు. సభలకు జనం విరగబడ్డారు. అంతవరకూ పెద్ద సంఘాలకు ఆయన ముద్దే. మారుమనస్సు పొందినవాళ్లు మళ్లీ నీళ్లలో మునగాలా, చిన్నప్పుడు పొందిన బాప్తిస్మం చెల్లదా అన్న ప్రశ్న లేచేసరికి ఒక్కో తలుపూ మూసుకుంది. 1941లో కొద్దిమందితో పల్లావరం కొండ మీద ఒక రాత్రంతా ప్రార్థనలో గడిపారు. ఆ ఏడాది జూలై 12న యెహోవా షమ్మా మొదలైంది. పేరు యెహెజ్కేలు గ్రంథపు చిట్టచివరి మాట. ప్రభువు అక్కడ ఉన్నాడని దాని అర్థం.

ఇప్పుడు ఇంకొక తేదీ పక్కన పెట్టండి. దక్షిణ ఇండియా సంఘం, మనం సి.ఎస్.ఐ. అనేది, 1947 సెప్టెంబరు 27న ఇదే నగరంలో సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి కట్టిన ఇల్లు అది. మంచి పనే. అయితే ఆ ఇంటి దూలాల్లో సీమ కలప కానిదేది? భారతీయుడు మొదలుపెట్టిన యెహోవా షమ్మా దానికి ఆరేళ్లు పెద్ద. ఎత్తయిన శిఖరం కింద, పొడుగు బల్లల మీద, పైపు ఆర్గాను పక్కన కూర్చుని, చాప మీద కూర్చున్నవాణ్ణి విదేశీ అనడానికి ఎంత ధైర్యం కావాలి!

"వాళ్ల ఆరాధన పద్ధతులు బ్రదరన్ సంఘాల దగ్గర అరువు తెచ్చుకున్నవే కదా" అంటారు. కొంత నిజం. పాదిరి లేకుండా రొట్టె విరవడం బ్రదరన్ల పద్ధతే. భక్త్ సింగ్ వెంట ఫ్రెడ్ ఫ్లాక్, రేమండ్ గోల్స్‌వర్తీ లాంటి ఆంగ్లేయులు పనిచేసిన మాటా నిజమే, అదే చాప మీద కూర్చుని. కానీ బ్రదరన్లు తెలుగు నేలకు వచ్చిందెప్పుడు? ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో బయల్దేరి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు నరసాపురం వైపు గోదావరి డెల్టాలో స్థిరపడ్డారు. ఒకాయన రాతిపనివాడు, రెండో ఆయన చెప్పులు కుట్టేవాడు. నూరేళ్లు గోదావరి నీళ్లు తాగినదాన్ని కూడా అరువు అనే పనైతే మన మిరపకాయ సంగతేమిటి?

ఇంకొక ముచ్చట. 1938 డిసెంబరులో తాంబరంలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. ఆ ఏడాదే నెల్లూరు మూలాలున్న న్యాయవాది పాండిపెద్ది చెంచయ్య, ఆయన మిత్రులు మద్రాసు నుంచి ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చారు, భారతదేశంలో క్రైస్తవాన్ని తిరిగి ఆలోచించాలంటూ. పడమటి అచ్చులో పోసిన సంఘం మనకు అవసరమా అని నిలదీశారు. గొప్ప ప్రశ్న. చదువరులు దాన్ని ఈనాటికీ ఉటంకిస్తారు. అదే ఏడు, అదే ఊళ్లో అడుగుపెట్టిన ఒక పంజాబీ మూడేళ్లకే కుర్చీలు తీసేసి చాప పరిచాడు. మొదటిదాన్ని మేధావుల కృషి అంటాం, రెండోదాన్ని అజ్ఞానం అంటాం.

2. సిద్ధాంతం లేదట!

అసలు రోగం ఈ మాటలో ఉంది. అందుకే ఇక్కడ కాసేపు కూర్చోవాలి.

పెరంబూరులో మా ఇంటి కింది వాటాలో ఒక పెద్దమ్మ ఉండేది. నెల్లూరు వైపు మనిషి, భర్త కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి పోయాడు. మోకాళ్లు పట్టేసి ఒక ఆదివారం నన్ను తోడు రమ్మంది. ఆ సహవాసం ఒక మేడ మీది హాలు. గుమ్మం బయట చెప్పులు వరసగా. లోపల ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క ఆడవాళ్లు, దాదాపు అందరూ తెల్లబట్టలు. ఆడవాళ్ల తల మీద కొంగు. ఉన్న నాలుగైదు కుర్చీలూ మోకాళ్ల నొప్పులవాళ్లకు. పీఠం లేదు, అంగీ తొడుక్కున్నవాడు లేడు. ఎవరో ఒకాయన లేచి స్తుతించి కూర్చుంటాడు. ఇంకొకాయన కూర్చున్నచోటి నుంచే సీయోను గీతాల పుస్తకంలో ఒక నంబరు చెబుతాడు, అందరూ అందుకుంటారు. వాక్యం చెప్పేటప్పుడు ఒకే మైకు దగ్గర ఇద్దరు: ఒకాయన తెలుగులో ఒక వాక్యం అంటే, రెండో ఆయన దాన్ని తమిళంలో దించుతాడు. ఎవరూ ఎవరినీ తొందరపెట్టరు. మూడు గంటలు గడిచాయి. నాకు కాళ్లు తిమ్మిరెక్కాయి, ఒప్పుకుంటాను.

అప్పుడు రొట్టె వచ్చింది. ఒకటే రొట్టె. చేతి నుంచి చేతికి వెళ్లింది, ఎవరి ముక్క వాళ్లు తుంచుకున్నారు. తర్వాత ఒకటే గిన్నె, నోటి నుంచి నోటికి. ఆ వరసలో కార్పొరేషను చీపురు పట్టే మనిషి ఉన్నాడు, బ్యాంకు ఆఫీసరు ఉన్నాడు, ఒకాయన తాగిన అంచునే ఇంకొకాయన తాగాడు. రెండు గ్లాసుల టీకొట్లు నడిచిన దేశంలో ఆ గిన్నె అలా తిరగడానికి వెనక ఒక సిద్ధాంతం లేదంటారా? "క్రీస్తులో భేదం లేదు" అని చక్కటి అక్షరాలతో అచ్చువేసిన ప్రమాణ పత్రాలున్న ఎన్ని సంఘాల్లో కులానికొక శ్మశానం గోడ లేదు?

వాళ్లు నమ్మేదేమిటో దాపరికమేమీ లేదు, చిన్న పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం, నలభై రెండో వచనం. అందులో నాలుగు పనులున్నాయి: అపొస్తలుల బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. సంఘమంటే ఈ నాలుగూ జరిగేచోటు. దాని చుట్టూ మిగతావి. మనిషి తిరిగి జన్మించాలి, ఏ రోజు రక్షించబడ్డాడో చెప్పగలగాలి. మా పెద్దమ్మకు తన పుట్టినరోజు తెలియదు గానీ రక్షించబడిన తేదీ తెలుసు. నమ్మినవాడే, నమ్మిన తర్వాతే, నీళ్లలో మునగాలి. చంటిపిల్లలకు ఆ పని చేయరు. ప్రతి విశ్వాసీ యాజకుడే, కనుక మధ్యలో పాదిరి అనే మెట్టు అక్కర్లేదు. ఒక పాస్టరుకు బదులు కొందరు సంఘ పెద్దలు. ఏ ఊరి సంఘం ఆ ఊరిది, దాని నెత్తిన ఇంకో ఊరి అధికారం ఉండదు. సంఘానికి మనిషి పేరు, శాఖ పేరు పెట్టకూడదు. లోకం "భక్త్ సింగ్ సంఘం" అన్నా వాళ్లు అనరు. త్రిత్వం, క్రీస్తు దైవత్వం, పునరుత్థానం, తిరిగి రాకడ సంగతి అంటారా, అక్కడ వాళ్లకూ బిషప్పుకూ తేడా వెతికినా దొరకదు.

ఇదంతా సిద్ధాంతం కాక ఇంకేమిటి? విమర్శకుల తర్కంలో కన్నం ఇదే: రాసి సంతకం పెట్టినదే సిద్ధాంతమని ముందే అనుకుని, వాళ్ల దగ్గర రాత కనబడలేదు కాబట్టి సిద్ధాంతం లేదని తేల్చేశారు. నిరూపించవలసినదాన్నే మొదటి మెట్టుగా వేసుకున్నారు. వంటలక్క దగ్గర కొలతల పుస్తకం లేదు కాబట్టి పులుసు లేదన్నట్టుంది. ఆ మాటకొస్తే నైసియా ప్రమాణం కట్టుకున్నది 325లో. అంతకుముందు మూడు వందల ఏళ్లు ఇళ్లల్లో రొట్టె విరిచినవాళ్లకు నమ్మకం లేదని ఈ పెద్దమనుషులు అనగలరా?

"ఎవడికి తోచింది వాడు చెప్పడమే" అన్న ముక్క మరీ తమాషా. తోచింది చెబితే బతకలేని చోటు అది. మాట్లాడేవాడి ఎదుట కూర్చున్న ప్రతివాడి ఒళ్లోనూ తెరిచిన బైబిలు ఉంటుంది. వచనం తప్పు చెబితే పేజీలు తిప్పే చప్పుడు ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దం ఎంత కఠినమైన పరీక్షాధికారో నేను చూశాను.

ఇక నా తగాదాలు. ఆ హాల్లో సగానికి పైగా ఆడవాళ్లే ఉన్నా పెద్దల్లో ఒక్క ఆడమనిషి లేదు. ప్రతి విశ్వాసీ యాజకుడే అన్న మాటను సగం హాలు దగ్గర ఆపేశారు. కొంగు నెత్తిన ఉండాలా వద్దా అన్నది నాకు పట్టింపు లేదు, నోటికి అడ్డం రాకపోతే చాలు. ప్రతి నిర్ణయానికీ ప్రార్థించి ప్రభువు చిత్తం కనుక్కోవాలన్న నియమం వినడానికి ఎంత అందంగా ఉంటుందో, ఒక గట్టి పెద్ద చేతిలో పడితే అంత ప్రమాదం. ఆయన చిత్తానికీ పైవాడి చిత్తానికీ మధ్య గీత చెరిగిపోతుంది. ఇవి నిజమైన అభ్యంతరాలు. కానీ గమనించండి, సిద్ధాంతం ఉన్నవాడితోనే ఇలాంటి తగాదా పెట్టుకోగలం. లేనివాడితో దేనిమీద పోట్లాడతాం?

3. డబ్బు, బియ్యం

ఇదంతా డబ్బు దుకాణమే అంటారు. దుకాణమైతే మహా చేతకాని దుకాణం. ఆరాధన మధ్యలో కానుకల సంచి తిప్పరు. గుమ్మం దగ్గర ఒక పెట్టె ఉంటుంది, వేసేవాడు వేస్తాడు, ఎంత వేశాడో పక్కవాడికి తెలియదు. సేవకులకు నెల జీతం లేదు. ఫలానా అవసరం ఉంది, ఇంత కావాలి అని వేదిక మీద అడగకూడదన్నది మొదటినుంచీ పట్టుకున్న నియమం. టీవీలో ఫోను నంబరు స్క్రోలింగు వేసి విత్తనం నాటమని అడిగేవాళ్లను చూసి కోపం వస్తే అది న్యాయమైన కోపం. ఆ కోపాన్ని తెచ్చి ఈ పెట్టె మీద పోయడం ఎక్కడి న్యాయం? బోర్డు చిన్నదైతే చాలు, అందరూ ఒకటేనా?

లెక్క అడగడానికి పైన బిషప్పు లేడంటారు. సరే. బిషప్పులున్నచోట ఆస్తి వ్యాజ్యాలు లేవా? కోర్టు వరండాల్లో తిరిగినవాళ్లనడగండి.

బియ్యం సంగతి. కూడిక తర్వాత ప్రేమ విందు ఉంటుంది, అవును, వరసగా కూర్చోబెట్టి వడ్డిస్తారు. దాని కోసం మతం మారారట! షెడ్యూల్డు కులం మనిషి క్రైస్తవుడైతే ఏమవుతుందో ఈ మాట అనేవాళ్లు ఒక్కసారైనా ఆలోచించారా? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం అతను ఎస్.సి. కాకుండా పోతాడు. ఆ ఉత్తర్వును 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు, క్రైస్తవులకు ఇప్పటికీ లేదు. తమిళనాట బి.సి.ల్లోకి, మన వైపు బి.సి.–సి లోకి తోస్తారు. ఉద్యోగంలో, హాస్టలులో, చట్టసభ సీటులో పోయేదెంతో లెక్కగట్టి, దాని పక్కన ఒక పూట పప్పన్నం పెట్టి తూచండి. కాగితం మీద పాత మతమే ఉంచుకునేవాళ్లు లేరా అంటే ఉన్నారు. దాచుకోవలసి వచ్చిందంటేనే లాభం ఎటువైపుందో తేలిపోలేదా?

4. "యెహోవా సాక్షులేనా వీళ్లు?"

ఈ ప్రశ్న నన్ను కనీసం పదిమంది అడిగి ఉంటారు. పేరులో యెహోవా ఉంటే చాలు, ఒకే గాట కట్టేస్తారు. ఇద్దరికీ సంబంధం లేదు. యెహోవా సాక్షులు త్రిత్వాన్ని ఒప్పుకోరు, రక్తం ఎక్కించుకోరు, ప్రభువు మరణ జ్ఞాపకార్థం ఏడాదికి ఒక్కసారే చేస్తారు. యెహోవా షమ్మా వాళ్లకు త్రిత్వం పునాది, రొట్టె ప్రతి ఆదివారం. ఈ పాటి తేడా తెలియనివాళ్లా "సిద్ధాంతం లేదు" అని తీర్పులు చెప్పేది?

అయినా సాక్షుల పేరు వచ్చింది కాబట్టి ఒక తీర్పు గుర్తుచేయాలి. కేరళలో ముగ్గురు పిల్లలు బడిలో జాతీయగీతం పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడ్డారు గానీ, తమ విశ్వాసం ఒప్పుకోదని గొంతు కలపలేదు. 1985లో బడి నుంచి తీసేశారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వాళ్లను వెనక్కి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసినది మన తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. అందులో ఆయన పెట్టిన కొలత ఇది: ఆ నమ్మకం మన బుద్ధికి నచ్చిందా అన్నది ప్రశ్న కాదు, వాళ్లు దాన్ని మనస్ఫూర్తిగా పట్టుకున్నారా అన్నదే ప్రశ్న. దేశంలోని అత్యున్నత న్యాయస్థానం చిన్న సంఘం దగ్గర పత్రం అడగలేదు, పాస్టరు డిగ్రీ అడగలేదు. కాఫీ కప్పు పట్టుకున్న మనం అడుగుతున్నాం.

5. "ఆయనతోనే పోతుంది"

ఇది ఎనభైల నుంచీ వినబడుతున్న జోస్యం. భక్త్ సింగ్ 2000 సెప్టెంబరు 17న హైదరాబాదులో కన్నుమూశారు. ఆ ఊళ్లో ఆయన నివసించిన హెబ్రోను, ఇక్కడి యెహోవా షమ్మా ఈనాటికీ నడుస్తున్నాయి. హెబ్రోనులో పెత్తనం కోసం తగాదాలు వచ్చి కోర్టుకెక్కిన మాట నిజం, సిగ్గుపడవలసిన మాటే. కానీ ఊరూరా ఉన్న సహవాసాల్లో ఆదివారం రొట్టె విరగడం ఆ వ్యాజ్యాల తీర్పు కోసం ఆగలేదు. ఏ ఊరి సంఘం ఆ ఊరిదే అన్న నియమం దేనికి పనికొస్తుందో అప్పుడు తెలిసింది. పోల్చడానికి ఒకటి: ఇదే మద్రాసులో 1886లో డాక్టర్ పల్నీ ఆండీ శాఖాభేదాలు లేని జాతీయ సంఘం ఒకటి పెట్టారు. ఆలోచన గొప్పది, పెద్దమనుషుల అండ ఉన్నది, అయినా నిలవలేదు. నిలిచినదాన్ని చూసి ఎందుకు నిలిచిందని అడగడం మానేసి, ఎప్పుడు పోతుందా అని లెక్కపెడుతూ కూర్చున్నారు.

6. మాటలు దరఖాస్తు ఫారాలైతే

ఇదంతా పండితుల కీచులాట అయితే నేను కలం పట్టను. ఈ అభిప్రాయం కాఫీ బల్ల మీద ఆగదు. స్కూలు దరఖాస్తులో "ఏ చర్చి?" అన్న గడిలోకి దిగుతుంది. పెళ్లి జరిపించే లైసెన్సు ఎవరికుందన్న ప్రశ్నలోకి దిగుతుంది. చివరికి మట్టి దాకా వస్తుంది.

మా కింది వాటా పెద్దమ్మ పోయినప్పుడు నేనూ, ఆ సహవాసపు పెద్ద ఒకాయనా ఒక శ్మశానం ఆఫీసుకు వెళ్లాం. ఏ శ్మశానమో ఇక్కడ అనవసరం. క్యారేజీ వర్క్స్‌లో ఫిట్టరుగా రిటైరైన మనిషి ఆయన, చేతివేళ్లలో నల్లటి గీతలు ఇంకా పోలేదు. గుమాస్తా పాస్టరు లెటరు అడిగాడు. మాకు పాస్టరు లేడన్నాడాయన. అయితే సంఘం పేరు చెప్పమన్నాడు గుమాస్తా. మేడ మీది హాలు అడ్రసు చెప్పాడు. గుమాస్తా నా వైపు చూశాడు, ఈయనకు మతి ఉందా అన్నట్టు. తరతరాలుగా చర్చికి వెళ్తున్న కుటుంబమే అతనిది, మాటల్లో తెలిసింది. "రేకుల షెడ్డు వాళ్లా? లెటరు లేకుండా కుదరదు సార్."

ఫిట్టరుగారు వాదించలేదు. జేబులోంచి మడిచిన రూళ్ల కాగితం తీసి, అక్కడే నిలబడి, బల్ల అంచు ఆనుకుని తెలుగులో రాశాడు. ఈ సహోదరి ముప్పై ఒక్క ఏళ్లుగా ప్రతి ఆదివారం మాతో కలిసి రొట్టె విరిచింది, ఇందుకు మేము సాక్షులం, అని. కింద సంతకం చేశాడు. గుమాస్తా ఆ కాగితం తిప్పి చూసి, సీలు లేదన్నాడు. సీలు ఉండదన్నాడు ఈయన. పోనీ సంతకం కింద హోదా అన్నా రాయమన్నాడు.

ఆయన కలం మళ్లీ తీసి "సహోదరుడు" అని రాసిచ్చాడు.

"అదేం పోస్టు?" అన్నాడు గుమాస్తా. అప్పటికి బయట బండి వచ్చి ఆగింది.